త్రాగునీరు కవచం: ఫోమ్‌తో కట్టి, జాజుతో మాపిన ఒక కేసు

ఆగస్టు రెండో వారంలో ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కూకట్‌పల్లిలో ఉంటాడు, బీటెక్ మూడో సంవత్సరం. "అన్నా, హైటెక్స్‌లో కామిక్‌కాన్‌కి ఒక ఆర్మర్ కావాలి. సినిమాల్లోది వద్దు, నా సొంత క్యారెక్టర్" అన్నాడు. కామిక్‌కాన్ అంటే కామిక్స్, సినిమాల అభిమానులు తమకిష్టమైన పాత్రల వేషాలు వేసుకుని వచ్చే మేళా, ఆ వేషం వేయడాన్నే కాస్‌ప్లే అంటారు. సొంత క్యారెక్టర్ అంటే నాకు సగం సంతోషం, సగం భయం. చూసి చేయడానికి బొమ్మ ఉండదు, కానీ 'అచ్చం అలా రాలేదు' అనే మాట కూడా పడక్కర్లేదు. కథేంటి తమ్ముడూ అని అడిగితే, ఎక్కడో ఎర్రటి గ్రహం మీద నీళ్లు దొరకవంట, నీళ్ల ట్యాంకర్ వెంట తుపాకీ పట్టుకుని తిరిగే కాపలావాడంట. దానికి వేరే గ్రహం దాకా ఎందుకు, ఏప్రిల్‌లో మా సందులోకి రా అన్నాను. నవ్వాడు గానీ, ఆ జోకే చివరికి ఈ పని మొత్తానికి రిఫరెన్సు అయింది.

నేను ఐదేళ్లు సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుగా చేశాను. ఇప్పుడు మోతీనగర్‌లో ఇంటి మేడ మీద రేకుల షెడ్డులో ప్రాపులు, కాస్ట్యూములు చేస్తున్నాను. ఈ కేసు పూర్తిగా రాయడానికి రెండు కారణాలు. ఒకటి, ఇందులో నేను చేసిన తప్పులు ఇంకొకరు డబ్బు పెట్టి చేయకూడదని. రెండోది, వెదరింగ్, అంటే కొత్త వస్తువును వాడినట్టు కనపడేలా చేయడం, పని అంతా అయ్యాక పైనుంచి మురికి పూయడమే అనుకుని ఇన్నేళ్లు తలకిందులుగా చేస్తున్నానని నాకు ఇందులోనే తెలిసింది.

బడ్జెట్ 15,000. టైము తొమ్మిది వారాలు. మనిషి 5 అడుగుల 8 అంగుళాలు, సన్నం. రోజంతా వేసుకుని తిరగాలి, మెట్లు ఎక్కాలి, కనీసం స్టూలు మీదైనా కూర్చోగలగాలి. కూర్చోవడం సంగతి కస్టమర్లు ఎప్పుడూ అడగరు, నేనే అడుగుతాను, ఎందుకంటే మధ్యాహ్నం రెండయ్యేసరికి వాళ్లకు కావాల్సింది అదొక్కటే.

కొలతలకు టేపు పనికిరాదు. మనిషికి వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ చుట్టి, దాని మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేసి, ఆ టేపు మీదే మార్కర్‌తో కవచం గీతలన్నీ గీసి, వెనక నుంచి కత్తెరతో కోసి ఊడదీయాలి. ఆ తొడుగే ప్యాటర్న్. ఒక్క జాగ్రత్త, కుడి ఎడమ రెండు వైపులూ వాడొద్దు. మనిషి అరగంట నిలబడితే తెలియకుండానే ఒక కాలి మీదకు ఒరుగుతాడు, ప్యాటర్న్ కూడా ఒరుగుతుంది. ఒక సగం మాత్రమే తీసుకుని చార్టు పేపరు మీదకు ఎక్కించి, తిరగేసి రెండో సగం గీసుకోవాలి.

డిజైన్ కోసం సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లాను, ఆయుధాల గ్యాలరీ చూడ్డానికి. మొదటిసారి శుక్రవారం వెళ్లి, సెలవని గేటు దగ్గర గుర్తొచ్చి, అఫ్జల్‌గంజ్‌లో చాయ్ తాగి తిరిగొచ్చాను. పాత కవచాలు చూడమని నేను ఎవరికైనా చెప్పేది నగిషీల కోసం కాదు, కీళ్ల కోసం. మొఘలుల కాలంలో చార్ ఆయినా అని ఒక రకం కవచం వాడేవాళ్లు, ఆ మాటకు నాలుగు అద్దాలు అని అర్థం. ఛాతీకి ఒక పలక, వీపుకు ఒకటి, చంకల కింద రెండు వైపులా చెరొకటి, మధ్యలో పట్టీలు. చేయి ఆడడానికి చోటు కావాలి గనక పక్క పలకలను పైన వంపుగా కోసేవాళ్లు. ఫోమ్ కవచాలు చేసేవాళ్లలో సగం మంది ఛాతీని డబ్బాలా ఒకే ముక్కగా కట్టి, తర్వాత చేతులు పైకి లేవక అవస్థ పడతారు. మా ట్యాంకర్ కాపలావాడికి ఆ నాలుగు పలకల పద్ధతే పెట్టాను.

ఇక ఫోమ్. కావాల్సింది ఈవీఏ ఫోమ్, చెప్పుల అడుగుకు వాడేది అదే. ఛాతీ, వీపు, భుజాలకు 10 ఎంఎం, చేతులకు కాళ్లకు 6 ఎంఎం, పైన అంచులకు బోల్టులకు 2 ఎంఎం. మొదట ఒక ఆన్‌లైన్ దుకాణంలో తెప్పించాను, వచ్చింది మెత్తటి సరుకు. గోరుతో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. మంచి ఫోమ్ అయితే గోటి గుర్తు చూస్తుండగానే పైకి లేస్తుంది. వెనక్కి పంపితే డబ్బులు రావడానికి ఎంత కాలం పడుతుందో తెలుసు కాబట్టి దాన్ని లోపలి ప్యాడింగుకు పక్కన పెట్టి, బేగంబజార్ సందుల్లో చెప్పులవాళ్లకు సామాను అమ్మే కొట్టుకి పోయాను. అక్కడ ఫోమ్ అంటే పరుపుల ఫోమ్ చూపిస్తారు, సోల్ షీట్ అని అడగాలి. దేనికని సేటు అడిగాడు. కాస్‌ప్లేకి అన్నాను. "అది ఏ సైజు చెప్పు?" అన్నాడు.

కోతకు రహస్యం ఏమీ లేదు, కొత్త బ్లేడు. పది కోతలకు ఒకసారి కట్టర్ మొన విరిచి కొత్త మొనతో కోయాలి, మొద్దు బ్లేడు ఫోమ్‌ని కోయదు, చింపుతుంది. తర్వాత హీట్ గన్. వేడి తగిలితే ఫోమ్ పైన ఒక్కసారి సన్నటి మెరుపు వస్తుంది, అంటే పైనున్న సన్న రంధ్రాలు మూసుకున్నట్టు. అక్కడితో ఆపి, వేడి మీదే కావాల్సిన వంపుకు నొక్కి పట్టుకుంటే చల్లారాక ఆ వంపులోనే నిలబడుతుంది. భుజం ముక్కలు మా అమ్మ స్టీలు బిందె మీద నొక్కి చేశాను. స్టీలు వేడిని గబగబా లాక్కుంటుంది కాబట్టి నిమిషంలో ఆకారం పట్టేస్తుంది, చేత్తో పట్టుకుంటే దానికి మూడు రెట్లు టైము. మోకాళ్లకు చిన్న గిన్నె. అమ్మ మాత్రం వారం రోజులు ఆ బిందె వైపు అనుమానంగా చూసింది.

సెప్టెంబరులో వానలు పట్టుకున్నాయి, నా మొదటి పెద్ద తప్పు అప్పుడే జరిగింది. ముక్కలు అతకడానికి వాడేది కార్పెంటర్లు సన్‌మైకా అతికించే పసుపు రంగు రబ్బరు గమ్. రెండు వైపులా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటకుండా అయ్యాక నొక్కితే మళ్లీ ఊడదు. కానీ మేడ మీద షెడ్డు, బయట ముసురు. హెల్మెట్ మధ్య జాయింటు సాయంత్రం అతికించాను, తెల్లారేసరికి పుచ్చకాయ చీలినట్టు విచ్చుకుని ఉంది. గమ్ పాడైందేమో అని కొత్త డబ్బా తెచ్చాను, అదీ అంతే. తర్వాత తెలిసింది, గమ్‌లోని సాల్వెంటు ఆవిరయ్యేటప్పుడు ఆ పొరను చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద కంటికి కనపడని నీటి పొర చేరుతుంది, అప్పుడు గమ్ గమ్‌ని పట్టుకోదు, నీళ్లను పట్టుకుంటుంది. పాత గమ్ అంతా గీకేసి, కొత్తగా పూసి, పూర్తిగా ఆరాక రెండు వైపులా హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి నొక్కాను, ఇప్పటిదాకా కదల్లేదు. పూర్తిగా ఆరాక అన్న మాట గుర్తుంచుకోండి, పచ్చి గమ్ ఆవిరికి మంట అంటుకుంటుంది. ఇంకో మాట, కరోనా అప్పటి ఎన్95 మాస్కు ఫోమ్ రుద్దేటప్పుడు వచ్చే దుమ్ముకు పనికొస్తుంది గానీ గమ్ వాసనను ఆపదు. దానికి కార్బన్ క్యాట్రిడ్జిలు ఉండే మాస్కు కావాలి, కిటికీలు తెరిచి ఉండాలి. కిటికీ తెరిస్తే ముసురు, మూస్తే తలనొప్పి, ఆ రెండు వారాలు అలా గడిచాయి.

రెండో తప్పు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో మొదటి నెలలోనే నేర్పే పాఠం అది. వీపు మీద రెండు నీళ్ల ట్యాంకులు ఉండాలి. థర్మోకోల్‌తో సిలిండర్లు కోసి, దాని మీద 2 ఎంఎం ఫోమ్ చుడదామని అలవాటుగా రబ్బరు గమ్ పూశాను. గమ్‌లోని సాల్వెంటు థర్మోకోల్‌ని కరిగిస్తుంది. చూస్తుండగానే అది వానకు తడిసిన ఉప్పుమూటలా కుంగిపోయింది. స్ప్రే పెయింటు పడినా అంతే. చివరికి ఖాళీ 5 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు తెచ్చి, వాటికి ఫోమ్ చుట్టాను. బరువు లేదు, క్యాన్ మీద ఉన్న గాడులు ఫోమ్ మీద సన్నగా కనపడి నిజం ట్యాంకులాగే ఉంది. మొదటే తట్టి ఉండాల్సింది.

రంగుకు ముందు కొట్టే ప్రైమర్‌కి బయటి దేశాల వాళ్లు రబ్బరు స్ప్రే వాడతారు, ఇక్కడ అది కొంటే బడ్జెట్‌లో సగం దానికే పోతుంది. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి నాలుగైదు కోట్లు కొట్టే పద్ధతి చవక, కానీ చెమట తగిలే చోట మళ్లీ మెత్తబడి జిగట పుడుతుంది. నేను వాడింది వానాకాలం ముందు మేడల మీద కొట్టే వాటర్‌ప్రూఫ్ కోటింగ్. ఎండకు స్లాబు వ్యాకోచించినా పగలకుండా సాగాలని తయారుచేసిన అక్రిలిక్ అది, ఫోమ్‌కి కావాల్సింది కూడా సాగే గుణమే. కొన్ని రకాల్లో సన్నటి పీచు ఉంటుంది, పాత చున్నీలో వడగట్టి, కాస్త నీళ్లు కలిపి మూడు కోట్లు కొట్టాను. మొదటి కోటు ఆరాక చూస్తే ఫోమ్‌లా లేదు, తోలులా ఉంది.

ఇంత తెలివిగా సాగే ప్రైమర్ కొట్టి, దాని మీద ఏం చేశాను? బండ్లకు కొట్టే, ఆరాక సాగని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు వెండి రంగు కొట్టాను. మూడో తప్పు. టెస్టు చేయలేదా అంటే చేశాను, బల్ల మీద చదునుగా ఉన్న తుక్కు ముక్క మీద. దాన్ని వంచి చూడలేదు. మోకాలి ముక్కలు తొడిగి ఒక్కసారి కూర్చుని లేచేసరికి వేసవిలో చెరువు నేల నెర్రెలిచ్చినట్టు పొర పొరగా లేచింది. వేరే చోట ఉంటే అదే మంచి వెదరింగ్ అనుకునేవాడిని! కానీ అది ఆగదు, రోజంతా రాలుతూనే ఉంటుంది. థిన్నర్‌తో తుడిస్తే కింద ప్రైమర్ కూడా వస్తుంది, అందుకని మోకాళ్లు, మోచేతులు కొత్తగా కోసి చేశాను, నాలుగు రోజులు పోయాయి. ఆ తర్వాత కవచం మొత్తానికి అక్రిలిక్ వెండి రంగు, దాని మీద వేయబోయే పసుపు రంగుకు గోడల బయట కొట్టే ఎమల్షన్, పెయింట్ షాపులో ఒక లీటరు కలిపించాను. గోడకు కొట్టేదా అని మొహం చిట్లించకండి, ఎండకు వానకు నిలబడి సాగే రంగు అంత చవగ్గా ఇంకోటి లేదు.

ఇక అసలు సంగతి.

వెండి రంగు అయ్యాక, పసుపు ఇంకా వేయకముందు, తమ్ముడిని ఒక ఆదివారం పిలిచాను, ఫిట్టింగ్ చూద్దామని. పట్టీలు, టిచ్ బటన్లు, బకల్స్ అన్నీ పెట్టి తొడిగాను. అప్పుడే ఊరికే ఒక ఆలోచన వచ్చింది. గడపలకు పూసే జాజు పొడి షెడ్డులో ఉంది, దుమ్ము రంగు కోసం తెచ్చి పెట్టుకున్నది. దాన్ని ముంజేతుల లోపలివైపు, తొడల లోపలివైపు, హెల్మెట్ గడ్డం కింద, తుపాకీ మడమకు బాగా పూసి, గంటసేపు నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు అన్నాను. మేడ మెట్లు ఎక్కి దిగాడు, తుపాకీ ఎత్తాడు దించాడు, కూర్చున్నాడు, వంగి బూటు లేసు కట్టుకున్నాడు, మధ్యలో సెల్ఫీలు సరేసరి. గంట తర్వాత చూస్తే వెండి మీద ఎర్రటి మరకలు, ఎక్కడెక్కడ ఏది దేనికి ఒరుసుకుంటుందో పటం గీసినట్టు. కుడి పక్క పలక పైఅంచు అంతా ఎరుపు, ఎడమది దాదాపు శుభ్రం, ఎందుకంటే అతను కుడిచేతి వాటం. కుడి భుజం ముందు భాగంలో అరచేయంత మరక, తుపాకీ మడమ ఆనేది అక్కడ. కాలర్ ముందువైపు హెల్మెట్ గడ్డం తగిలి సగం చంద్రుడిలా ఒక గీత. నేను నా అలవాటు ప్రకారం గీతలు వేసే మోకాలి చిప్పల మీద మాత్రం ఏమీ లేదు!

అన్నీ ఫోటోలు తీసి, వాటి ప్రకారం పెయింటు చెక్కుళ్లు ఎక్కడ రావాలో మార్కు చేసుకున్నాను. చెక్కుళ్లకు టూత్‌పేస్టు పద్ధతి అందరికీ తెలిసిందే, జెల్ కాదు, తెల్ల పేస్టు. వెండి మీద మరకలున్న చోట చింపిన స్పాంజి ముక్కతో పేస్టు అద్ది, పైన పసుపు కొట్టి, రంగు అంటకుండా ఆరగానే తడి బట్టతో రుద్దితే పేస్టు ఉన్న చోట పసుపు లేచిపోయి కింద వెండి బయటపడుతుంది. బ్రష్షుతో పైన వెండి చుక్కలు పెట్టడానికీ దీనికీ తేడా ఏంటంటే, ఇక్కడ పసుపుకు నిజంగా మందం ఉంటుంది, అంచు ఉంటుంది, దగ్గరగా చూసినా వేలితో తడిమినా పెయింటు ఊడినట్టే ఉంటుంది, ఎందుకంటే నిజంగానే ఊడింది.

ఛాతీ మీద త్రాగునీరు అని స్టెన్సిల్ వేయడం తమ్ముడి ఐడియా, మన ట్యాంకర్ల మీద ఉన్నట్టే. లామినేషన్ షీటు మీద అక్షరాలు కోశాను. ఇంగ్లీషు పెద్దక్షరాలకు స్టెన్సిల్ ఈజీ, తెలుగుకు టెన్షన్, మన అక్షరాల్లో మూసుకున్న సున్నాలు ఎక్కువ. 'రు' కోయగానే మధ్యలో గుండ్రం కాస్తా ఊడి కింద పడింది. ప్రతి సున్నాకు రెండు సన్న వంతెనలు వదలాలి, అలా వదిలితేనే అది స్టెన్సిల్ అక్షరంలా అందంగా కూడా ఉంటుంది. అక్షరాల్లో 'త్రా' సగం చెరిపాను, అక్కడే తుపాకీ బెల్టు ఒరుసుకుంటుంది కాబట్టి.

తర్వాత మరకలు. దీనికి ఇంటర్నెట్‌లో ఫోటోలు వెతకలేదు. ఒక పొద్దున ట్యాంకర్లు నింపుకునే చోట టీకొట్టు దగ్గర గంట కూర్చున్నాను. వాల్వు కింద తుప్పు చార పడుతుందని అందరికీ తెలుసు, కానీ ఆ తుప్పు చార పక్కనే తెల్లటి సున్నపు చార కూడా ఉంటుంది, బోరు నీళ్ల ఉప్పు ఆరి గట్టిపడింది. పైన వెడల్పుగా, కిందికి సన్నబడుతూ, చివర చిన్న బొట్టుతో. వెనక నిచ్చెన మెట్లు మధ్యలో తళతళలాడుతూ, చివర్లలో పెయింటుతో ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు సిటీ బస్సు ఫుట్‌బోర్డు పక్కన పట్టుకునే రాడ్డు చూశాను, చేతులు తగిలే ఎత్తులో అద్దంలా నున్నగా ఉంది, దానికి జానెడు కింద అంతా నలుపు. మురికి అంటే చెయ్యి తగలని చోట చేరేది, మెరుపు అంటే చెయ్యి తగిలే చోట వచ్చేది. చాలామంది ఈ రెండూ ఒకే చోట కలిపి పూస్తారు.

అందుకని వాష్, అంటే సందుల్లో మురికిలా చేరే పల్చటి రంగు, వేసేటప్పుడు కవచాన్ని బల్ల మీద పరచలేదు. అదివరకు ఒకసారి బల్ల మీద పడుకోబెట్టి వాష్ తుడిచాను, తొడిగాక చూస్తే మురికి చారలన్నీ అడ్డంగా ఉన్నాయి, వాన పక్క నుంచి కురిసినట్టు. ఈసారి టైలర్ల బొమ్మకు తొడిగి నిలబెట్టే పని చేశాను. నలుపు, ముదురు గోధుమ రంగు అక్రిలిక్ కలిపి, బాగా నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే రంగు బొట్లు కట్టకుండా సందుల్లోకి పోతుంది. పూసిన రెండు మూడు నిమిషాలకు తడి బట్టతో పైనుంచి కిందికి మాత్రమే తుడవాలి.

తుప్పుకు జాజు. జాజు ఎర్రగా ఉండేది ఐరన్ ఆక్సైడ్ వల్ల, తుప్పు కూడా ఐరన్ ఆక్సైడే. అంటే తుప్పు రంగు కలపనక్కర్లేదు, తుప్పునే పూస్తున్నాం. అంగారకుడు ఎర్రగా కనపడేది కూడా ఐరన్ ఆక్సైడ్ ధూళి వల్లే కాబట్టి తమ్ముడి ఎర్రటి గ్రహానికి మా గడప రంగు అతికినట్టు సరిపోయింది. కానీ తుప్పు ఎక్కడ పడితే అక్కడ పూయకూడదు. పసుపు కింద వెండిలా మెరిసేది అల్యూమినియం అనుకున్నాం, అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు. అందుకని తుప్పు బోల్టుల కింద, ట్యాంకు వాల్వుల కింద, బకల్స్ చుట్టూ మాత్రమే. అవి స్టీలు. తమ్ముడికి ఇది నచ్చలేదు. "ఇంకొంచెం తుప్పు పెట్టన్నా, పాతగా కనపడాలి కదా" అని మూడుసార్లు అడిగాడు. పాతగా కాదు తమ్ముడూ, వాడినట్టు కనపడాలి అన్నాను. మూడోసారికి కోపంగానే అన్నానేమో, చాయ్ తాగేటప్పుడు సర్దిచెప్పాల్సి వచ్చింది.

చివరిగా దుమ్ము, ముల్తానీ మట్టి. ఇది నా కనిపెట్టుడేం కాదు, బయటి సినిమాల వాళ్లు ఫుల్లర్స్ ఎర్త్ అని బట్టల మీద చల్లే దుమ్ము ఇదే. ముల్తానీ మట్టిలో కాస్త జాజు కలిపి, మోకాళ్ల కిందికి, బూట్లకు, భుజాల పైభాగానికి మెత్తటి బ్రష్షుతో దులిపాను. ఇక్కడ నాలుగో తప్పు. దుమ్ము రాలకుండా మ్యాట్ వార్నిష్ కొట్టాను, కొట్టగానే సగం దుమ్ము మాయమైపోయింది. వార్నిష్ తడి పొడి గింజల మధ్య చేరితే వాటి తెల్లదనం పోతుంది, తడిసిన మట్టి నల్లబడినట్టు. మళ్లీ రెట్టింపు దుమ్ము వేసి, ఈసారి వార్నిష్ సన్నగా, దూరం నుంచి రెండు విడతలుగా కొట్టాను. బూట్లకు మాత్రం కొట్టకుండా వదిలేశాను, దుమ్ము దుమ్ములా ఉండాలని. దాని ఫలితం తర్వాత చెబుతాను.

హెల్మెట్ అద్దం పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుకు కార్ల సన్‌ఫిల్మ్ అతికించింది. లోపల కోఠి గుజరాతీ గల్లీలో కొన్న చిన్న 5 వోల్టుల ఫ్యాన్ నుదుటి దగ్గర, గాలిని బయటికి లాగేలా. పవర్ బ్యాంకు నడుము బెల్టులో. ఛాతీ మీద నీలం లైటు కూడా దానికే.

ఖర్చు: ఫోమ్, పాడైన సరుకుతో కలిపి 4,600. గమ్, థిన్నర్ 1,300. కోటింగ్, రంగులు, వార్నిష్ 2,700. పట్టీలు, బకల్స్ 900. లైటు, ఫ్యాన్ 650. అద్దం 400. బ్లేడ్లు, ఎమెరీ పేపర్లు, టేపులు 800. జాజు, ముల్తానీ మట్టి 80. మొత్తం 11,430. నా కూలికి ఎంత మిగిలిందో లెక్క చేయకండి, నేను కూడా చేయలేదు. బరువు హెల్మెట్‌తో కలిపి 4 కిలోల 600 గ్రాములు.

ఆ రోజు తమ్ముడు కవచమంతా రెండు బియ్యం సంచుల్లో పెట్టుకుని మెట్రోలో హైటెక్ సిటీకి, అక్కడి నుంచి ఆటోలో హైటెక్స్‌కి వచ్చాడు. నేను గమ్ ట్యూబు, కేబుల్ టైలు, టేపు పట్టుకుని వెళ్లాను. ఒంటిగంటకు కుడి భుజం పట్టీ తెగింది. తెగింది పట్టీ కాదు, దాన్ని ఫోమ్‌కి అతికించిన చోటు. అతికించిన పట్టీ చెమటకు నిలవదు, లోపలి బట్టకు కుట్టాలి అని నాకు తెలుసు, ఆ ఒక్క పట్టీ తొందరలో అతికించాను, సరిగ్గా అదే పోయింది. ఫోమ్‌కి రెండు చిల్లులు పెట్టి కేబుల్ టైతో బిగించాను, పాడైన యంత్రాన్ని రిపేరు చేసినట్టు కనపడి ఇంకా బాగుంది, ఇప్పటికీ అలాగే ఉంచాం.

ఫోటోలు చాలామంది దిగారు. లోపల వేరే కవచాలు ఇంతకంటే పెద్దవి, మెరిసేవి చాలా ఉన్నాయి. ఇతని దగ్గర ఆగింది ఎక్కువగా ఛాతీ మీద అక్షరాలు చదివినవాళ్లు. ఒక పెద్దావిడ, మనవడితో వచ్చినట్టుంది, దగ్గరికొచ్చి చదివి, "మా గల్లీల నీళ్లెప్పుడు ఇడుస్తరు బిడ్డా?" అని అడిగింది. తమ్ముడు హెల్మెట్ లోపలి నుంచి ఏదో చెప్పాడు, ఫ్యాన్ మోతకు ఎవరికీ వినపడలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆటో అతను సీటు చూసి గొడవ పెట్టాడు. బూట్లకు వార్నిష్ వేయకుండా వదిలేశానన్నానే, ఆ జాజంతా సీటు కవరుకు, పక్కన కూర్చున్న నా ప్యాంటుకు. యాభై రూపాయలు ఎక్కువిచ్చి దిగాం. ఇంటికొచ్చాక మొదటి పని బూట్లకు వార్నిష్ కొట్టడం.

రెండు వారాల తర్వాత కవచం షెడ్డుకు వచ్చింది, భుజం పట్టీ సరిగ్గా కుట్టడానికి. బొమ్మకు తొడిగి, ఆ ఫిట్టింగ్ రోజు తీసిన జాజు ఫోటోలు ఫోన్‌లో తెరిచి పక్కపక్కన పెట్టి చూశాను. కుడి పలక పైఅంచులో నేను వేసిన చెక్కుళ్లు కాస్త పెద్దవయ్యాయి, చుట్టూ కొత్తవి వచ్చాయి, ఏది నాది ఏది నిజందో నాకే తేల్చుకోవడం కష్టమైంది. కాలర్ మీద కూడా అంతే. కానీ ఎడమ డొక్క దగ్గర, నేను దాదాపు శుభ్రంగా వదిలేసిన పలక మీద, పసుపు అరచేయంత మేర పోయి వెండి కనపడుతోంది, కొన్ని చోట్ల వెండి కూడా పోయి బూడిద రంగు ప్రైమర్ దాకా. కిందపడ్డావా అని అడిగాను. లేదన్నా అన్నాడు. కాసేపు ఆలోచించి, ఎడమ చెయ్యి గుండ్రంగా మడిచి చూపించాడు. ఫోటోలకు తప్ప మిగతా టైమంతా హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని తిరిగాడంట. మా మేడ మీద గంటసేపు తిరిగినప్పుడు ఒక్కసారి కూడా హెల్మెట్ తీయలేదు.

"అది సరిచేస్తావా అన్నా, లేక ఇంకో వైపు కూడా అలాగే గీస్తావా?" అన్నాడు. రాలకుండా దాని మీద పల్చగా వార్నిష్ మాత్రం కొట్టి ఇచ్చేశాను.